తొమ్మిదో మెట్టు మీద పగటినిద్ర

నమోదు 1, సోమవారం

గాలి, భద్రత, పారిశుద్ధ్య పరిశీలన సంఘానికి చీటీల్లో ఎంపికైన యువసభ్యుడు ఓదేలు అను నేను, పంచభూతాల సాక్షిగా ఈ దినచర్య ప్రారంభిస్తున్నాను. పంచభూతాల్లో ప్రస్తుతం నాలుగే సక్రమంగా ఉన్నాయి. ఆకాశానికి చిరుగులు పడ్డాయి. మాకు ఆకాశమంటే గొయ్యి మీద కట్టిన తెల్లటి గుడ్డ.

సంఘంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి సభ్యుడూ చూసింది చూసినట్టు రాయాలని నియమం. ఎవరు చదువుతారని లక్ష్మీరాజం సారును అడిగాను. ఆయన సంఘం కార్యదర్శి. ఒకప్పుడు నాకు లెక్కలు చెప్పి ఓడిపోయిన మనిషి.

"ఎవ్వరు చదవరు బిడ్డా. అందుకే జర నిజమే రాయి," అన్నారు.

ఇక నేటి ఘనకార్యాలు. ఆరో మెట్టు మోరీలో ఎవరో దోసెపిండి పారబోశారు. దర్యాప్తు జరిపాను. పిండి పులిసింది, సాక్షులు పులియలేదు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఏడో మెట్టు మీద గుడ్డ చిరుగులోంచి ఎండ నేరుగా పడి రెండు కోళ్ళు సొమ్మసిల్లాయి. వాటికి నీళ్ళు చల్లాను, లేచి నన్నే పొడిచాయి. ప్రజాసేవ అంటే ఇదేనని అర్థమైంది.

తొమ్మిదో మెట్టు అన్నిటికన్నా అడుగున ఉంటుంది. తాతల కాలంలో బొగ్గు తవ్వి వదిలేసిన గొయ్యి ఇది. మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక్కో మెట్టూ ఒక్కో వాడ. పైన నేల మీద పగలు నిలబడితే అరికాళ్ళు అట్లలా కాలిపోతాయి కాబట్టి ఊరంతా లోపలే. అడుగుకు పోయేకొద్దీ చల్లన. అందుకే ఊళ్ళోని చిన్నపిల్లలందరినీ మధ్యాహ్నం తొమ్మిదో మెట్టుకు దింపి పడుకోబెడతారు. ఆ పడకల బడి నడిపేది మా అక్క సారక్క. అందులో పడుకునేవాళ్ళలో అత్యంత ప్రమాదకరమైన జీవి ఆమె కూతురు జాజి, నా మేనకోడలు. దాన్ని నిద్రపుచ్చడానికి ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి, అందులో ఒకరికి బలముండాలి.

బడి వెనకే గాలిమర గది. అడుగున చేరిన చెడుగాలిని పైకి తోసే పెద్ద పంకా అది. తలుపు తీసి చూశాను. పంకా రెక్కల మీద ఎవరో వడియాలు ఎండబెట్టారు. రుచి చూశాను. ఉప్పు ఎక్కువైంది. నమోదు చేయడమైనది.

నమోదు 2, మంగళవారం

ఈ రోజు ముక్కుల తనిఖీ.

మెట్టుకో ముక్కు, గాలిని వాసన చూసే జీవి. పనసకాయంత ఉంటుంది, బూడిదరంగు, మెత్తన, మూడు రంధ్రాలు. దూరపు నగరాల్లో పెంచి పంపుతారు. చెడుగాలి నేలబారుగా వస్తుంది కాబట్టి ముక్కును గోడకు మోకాలెత్తు గూట్లో కూర్చోబెడతారు. పొద్దున ఇంత అంబలి పోస్తే చాలు, తుప్పు పట్టదు, విడిభాగాలు అడగదు. గాలి చెడితే తుమ్ముతుంది. ఒక తుమ్ముకు గాలిమర తిప్పాలి. వరసగా తుమ్మితే అన్నీ వదిలేసి పైకెక్కాలి. ఇంత సులువైన ఏర్పాటు మరొకటి లేదు.

కానీ తుమ్మంటే మా వాళ్ళకు ఏమిటో ఆ నగరాల వాళ్ళకు ఎవరు చెప్పాలి? పెళ్ళిచూపులకు గడప దాటగానే తుమ్ము. వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేస్తే మళ్ళీ తుమ్ము. తొమ్మిదో మెట్టు మీద ఒక పెళ్ళికొడుకు పొద్దంతా నీళ్ళే తాగాడని, ముహూర్తం వచ్చేసరికి అతను పీటల మీద కాకుండా మరెక్కడో ఉన్నాడని చెప్పుకుంటారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అప్పటి సంఘం కూలంకషంగా చర్చించి, ముక్కులకు జలుబు చేసిందని తేల్చింది. వైద్యం చేయాలని తీర్మానించింది.

తొమ్మిదో మెట్టు ముక్కును సాకేది పోచవ్వ. నేను వెళ్ళేసరికి ఆమె ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కుంపటి మీద వాము, పసుపుకొమ్ము వేసి పొగ పట్టిస్తోంది. దాని నెత్తిన ఉన్ని టోపీ కూడా ఉంది. స్వయంగా అల్లిందట.

"అవ్వా, దీనికి టోపీ ఎందుకే?"

"నీకెందుకురా? నీ నెత్తికి ఉన్నదా లోపల ఏమన్నా? దీనికి ఉన్నది. చల్లగాలి తగుల్తే మళ్ళ తుమ్ముతది."

"తుమ్మడమే గదా దాని పని."

పోచవ్వ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు. "దగ్గుడే ఆయన పని అని మీ తాతను దగ్గనిచ్చిన్నా? కషాయం పోసిన. మనిషికైనా ముక్కుకైనా రోగం రోగమే. నా చేతి వైద్యం పడ్డంక ఇది ఒక్కసారి తుమ్మలే. అడుగు ఎవరినైనా!"

అడిగాను. నిజమే. ఊరు మొత్తమ్మీద ఏ ముక్కైనా తుమ్మి ఏడాది దాటిపోయింది. అంతా పోచవ్వ చలవేనని అన్ని మెట్ల వాళ్ళూ అదే వైద్యం నేర్చుకున్నారు.

ఇది చదువుతున్న పుణ్యాత్ములెవరైనా ఉంటే చిన్న మనవి. ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుంటే ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

నమోదు 3, బుధవారం

అధ్యక్షురాలు సుగుణక్క సమావేశం పెట్టింది. చప్పట్లతో మొదలైంది. మా ఊరికి ఈ ఏటి 'నిశ్శబ్ద పట్టణం' బహుమతి దాదాపు ఖాయం. ఏడాదిలో ఒక్క తుమ్మూ లేని ఊరికి ఇచ్చే గౌరవం. బహుమతిగా గొయ్యి మొత్తానికీ కొత్త పైగుడ్డ. ఆదివారం అధికారులొచ్చి చూసిపోతారు.

సుగుణక్కను తప్పుపట్టలేను. ఆమె ఇల్లు ఏడో మెట్టు మీద, సరిగ్గా చిరుగు కింద. పక్షవాతం వచ్చిన అత్తను మంచంతో సహా ఎండ వెంట గదులు మారుస్తూ ఉంటుంది. కొత్త గుడ్డ అన్న మాటను ఆమె రెండుసార్లు చెప్పింది.

"మధ్యలో గాలిమర ఒకసారి తిప్పి చూద్దామా అక్కా? ఊకెనే," అన్నాను.

"తిప్పితే తుమ్ము కింద లెక్క రాస్తరు. వద్దు."

"తుమ్మకుండ తిప్పితే?"

"తుమ్మకుండ ఎందుకు తిప్పుతర్రా? ఆకలి కాకుండ అన్నం తింటవా నువ్వు?"

తింటాను. కానీ ఆ విషయం సభలో చెప్పలేదు.

తిరిగివస్తూ పడకల బడికి వెళ్ళాను. అక్క గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతోంది. లోపల నేల మీద చాపలు, చాపల మీద పిల్లలు. చప్పుడు లేదు. ఇంతమంది పిల్లలు ఒకచోట ఉండి చప్పుడు లేకపోవడం నేను ఎన్నడూ వినలేదు.

"చూసినవారా? ఎంత బుద్ధిగ పండుకుంటున్నరో!" అంది అక్క. "పోయినేడు ఒక్కొక్కణ్ణి నిద్రపుచ్చేసరికి నా పానం పోయేది. ఇప్పుడు చాప మీద ఒరుగుడే ఆలస్యం. లేపుడే కష్టమైతాంది."

"జాజి కూడానా?"

"అదే అందరికంటే ముందు."

జాజి! నిద్రను సొంత శత్రువుగా భావించే జాజి! గుమ్మంలోంచి చూశాను. నోరు కొద్దిగా తెరిచి, అరచేతులు పైకి పెట్టుకుని పడుకుంది. ఊపిరి తొందర తొందరగా తీస్తోంది, పరుగెత్తి వచ్చిన కుక్కపిల్లలాగా.

నమోదు 4, గురువారం

పోచవ్వ కుంపటితో గొడవ పడుతోంది.

"బొగ్గులు మంచియి గావు. కింద పెట్టంగనే ఆరిపోతున్నయి. గీ స్టూలు మీద పెడితే మంచిగ రాజుకుంటున్నయి. మాయదారి బొగ్గు."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. స్టూలు మీద కుంపటి ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. నెమ్మదిగా నేలకు దించాను. నిప్పుల మీద ఎవరో నల్లటి దుప్పటి కప్పినట్టు ఎరుపు తగ్గిపోయింది. పైకెత్తాను. ఊదగానే మళ్ళీ ఎర్రబడింది. దించాను. నల్లబడింది.

"ఆడుకుంటున్నవారా?" అంది పోచవ్వ.

పాత సొరంగాల్లోంచి ఊరే గాలిని ఇక్కడ నల్లగాలి అంటారు. దానికి రంగు లేదు, వాసన లేదు, బరువుంది. నీళ్ళలాగా అడుగున నిలుస్తుంది. అందులో దీపం బతకదు. ఈ సంగతి కాలేజీలో ఒక పాఠంలో ఉంది, పరీక్షలో వచ్చింది, నేను రాశాను, మార్కులు కూడా పడ్డాయి. పాఠం కాస్తా లేచి వచ్చి నా మోకాళ్ళ దగ్గర నిలబడుతుందని మాత్రం ఊహించలేదు.

ముక్కు వైపు చూశాను. టోపీ పెట్టుకుని హాయిగా ఉంది. నల్లగాలి దాని రంధ్రాల దాకా వచ్చి ఉంటుంది.

గోడకు అవతల పిల్లలు నేల మీద పడుకుని ఉన్నారు.

పరుగున వెళ్ళి అక్కతో చెప్పాను. కుంపటి ఆరిపోవడానికీ పిల్లలు పడుకోవడానికీ ఏం సంబంధమని అడిగింది. చెప్పాను. పోచవ్వ బొగ్గులు ఎప్పుడూ చవకవేనంది. కానీ నా మొహం చూసి, లేచి పిల్లల్ని లేపడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ ఏడుస్తూ, తూలుతూ, కళ్ళు నులుముకుంటూ లేచారు.

జాజి లేవలేదు.

అక్క దాన్ని కుదిపింది. బుగ్గ మీద తట్టింది. "జాజీ! ఓ జాజీ! లెవ్వు బిడ్డా!" తల ఇటు తిరిగింది, అటు వాలిపోయింది. నేను దాన్ని భుజాన వేసుకుని ఎక్కాను. ఎన్ని మెట్లు ఎక్కానో, ఎవరిని తోసుకుంటూ ఎక్కానో తెలియదు. నాలుగో మెట్టు దవాఖాన గుమ్మంలో నా వీపు మీద వెచ్చగా ఏదో కారింది. కక్కుకుంది. ఆ తర్వాత ఏడ్చింది. దాని ఏడుపు నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. ఇవాళ ఇంకాసేపు ఏడవమని బతిమాలాను.

"వడదెబ్బ," అంది డాక్టరమ్మ.

"అన్నిటికన్నా చల్లటి మెట్టు మీద వడదెబ్బేంది అమ్మా?"

"గాలి అనుకుందామంటే ముక్కు తుమ్మలేదు గదా," అందామె.

నమోదు 5, శుక్రవారం

ముక్కుతో తుమ్మించాలి. అదొక్కటే దారి.

పొద్దున్నే పోచవ్వ అంబలి కాయడానికి పోయినప్పుడు, గూటి కింద పెనం పెట్టి ఎండుమిరపకాయలు మాడ్చాను. పర్యవసానాలు: తొమ్మిదో మెట్టు మీది జనమంతా తుమ్మారు. ఎనిమిదో మెట్టు వాళ్ళు దగ్గారు. ఒక మేక తుమ్మింది. నేను కళ్ళు కనిపించక గోడను కౌగిలించుకున్నాను. ముక్కు మాత్రం మూడు రంధ్రాలతోనూ ఆ ఘాటు పీల్చి, ఏమీ జరగనట్టు కూర్చుంది. ఏడాది పాటు పట్టిన వాము పొగకు దానికి ఏ వాసనా అందడం లేదు. వైద్యం పూర్తిగా ఫలించింది.

పోచవ్వ పెనం పట్టుకుని నన్ను ఏడో మెట్టు దాకా తరిమింది.

ఇదే సాక్ష్యంతో అత్యవసర సమావేశం అడిగాను. జరిగింది జరిగినట్టు చెప్పాను: కుంపటి, జాజి, మిరపకాయలు. అంతా విని సుగుణక్క, పెనంతోనే వచ్చి కూర్చున్న పోచవ్వ వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపింది.

"ఓ పోచవ్వా! మిరపకాయ ఘాటుకు గూడ తుమ్మలేదట. ఎంత గట్టిపడ్డది చూడు! ఆదివారం అధికారులకు గీ ముచ్చట చెప్పాలె."

"అక్కా, అది గట్టిపడలేదు, మొద్దుబారింది!"

"నీ మేనకోడలికి పానం బాగలేదని నీకు రంది. నాకు తెలుసు. కానీ తుమ్ము లేకుండ మెట్టు ఖాళీ చేయించే అధికారం నాకు లేదు. రేపు తప్పయితే జనం నన్ను ఉంచుతరా?"

దినచర్య పుస్తకం చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను. సభ మధ్యలో లేచిపోయిన యువసభ్యుడు, ఈ సంఘ చరిత్రలో ఇదే మొదటిసారి.

సాయంత్రం అక్క దగ్గర కూర్చున్నాను. జాజి ఆమె ఒళ్ళో ఉంది, తలనొప్పి అంటోంది. రేపు జాజిని బడికి దింపనని అక్క అంది. మరి మిగతా పిల్లలో? పైన మెట్ల మీద ఎండ. తల్లులు పనికి పోవాలి. ఒక్కరోజు బడి మూస్తే ఇంటి ముందుకొచ్చి కొట్లాడతారు.

"నీ మాట నమ్మాలని ఉన్నదిరా. కానీ నువ్వు చిన్నప్పటి సంది అన్నీ మాయమాటలే చెప్పినవ్."

"తుమ్ము తమ్ముడై చెప్తదంటరు గదా అక్కా. ఇప్పుడు తుమ్మే లేదు. అందుకే తమ్ముడే వచ్చి చెప్తున్నడు."

ఆమె జాజి నుదురు నిమిరింది. అప్పుడు అంది: "రేపు పిల్లలందర్నీ మొదటి మెట్టుకు తోలుకపోత. అధికారులకు స్వాగతం పాట నేర్పాలని చెప్త. ఒక్కరోజే. అంతకు మించి నాతోని కాదు."

నమోదు 6, శనివారం

సంఘం నియమాల్లో ఒకటుంది: ఫిర్యాదు ఏ చోటు గురించి వస్తే, విచారణ ఆ చోటనే జరగాలి. లక్ష్మీరాజం సారుకు ఆ నియమం గుర్తుచేశాను. ఆయన కళ్ళు మెరిశాయి. నియమం ఒకటి ఉండి పాటించకపోతే ఆయనకు అన్నం సహించదు.

"ఇంకో సంగతి సారు. ఫిర్యాదుదారు జాజి. ఆమె కుర్చీలో పడుకోలేదు, నేల మీద పడుకుంది. కనక సభ కూడా నేల మీదనే..."

"తార్కికంగ ఉన్నది," అన్నారు సారు.

"కూసుంటం తీ," అంది సుగుణక్క విసుగ్గా. "చాపల మీద కూసుంటే నీ మనసు నిమ్మళం అయితదంటే కూసుంటం. తర్వాత ఇగ ఆ ముచ్చట ఎత్తద్దు."

మధ్యాహ్నం, పిల్లలు పడుకునే వేళకు, ఖాళీ పడకల బడిలో సంఘమంతా, అంటే సుగుణక్క, సారు, నేను, చాపల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. నా పథకం గొప్పగా ఉంది. వీళ్ళకు తలనొప్పి మొదలవగానే నేను లేచి నిలబడి, ఉపన్యాసం దంచి, అందరినీ బయటికి నడిపిస్తాను. ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

సారు గత సమావేశం తీర్మానాలు చదవడం మొదలుపెట్టారు. గది చల్లగా, హాయిగా ఉంది. చాప గీతలు చూస్తూ కూర్చున్నాను. సారు దోసెపిండి తీర్మానం చదివారు. కొంతసేపటికి మళ్ళీ దోసెపిండి తీర్మానం చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రెండోసారి నాకు మరింత నచ్చింది.

సుగుణక్క కణతలు నొక్కుకుంది. "ఓదేలూ, ఇక్కడ..." అంది. ఆ మాట ముగించలేదు. ఆమె గడ్డం నెమ్మదిగా కిందికి దిగుతోంది.

ఇప్పుడే లేవాలని నాకు తెలుసు. ఆ సంగతి స్పష్టంగా, దూరంగా కనిపిస్తోంది, అవతలి గట్టు మీద ఉన్న మనిషిలాగా. గుండె గబగబా కొట్టుకుంటోంది. కాళ్ళు మాత్రం నావి కావు. సారు ఇంకో తీర్మానం చదవనీ, అప్పుడు లేస్తాననుకున్నాను. సారు చదవడం ఎప్పుడో ఆపేశారు. ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి, మిగిలిన సభ్యుడి భుజం మీద తల పెట్టారు. ఆ సభ్యుడు ఎవరో నాకు గుర్తుకు రాలేదు. నేనేనేమో అనిపించింది.

అక్కడ గుమ్మంలో పోచవ్వ నిలబడకపోతే ఈ నమోదు ఇక్కడ ఆగేది. ఆగిందని రాయడానికి కూడా ఎవరూ ఉండేవారు కాదు.

ఆమె కుంపటి పట్టుకుని వచ్చింది. బడి గదిలో కూడా కాస్త పొగ వేస్తే రేపటికి మంచి వాసన వస్తుందని అట. మమ్మల్ని చూసి పకపకా నవ్వింది.

"ఏందే సుగుణా! ఊరంతా ఎండకు చస్తుంటే మీరు గిక్కడ కునికిపాట్లు పడుతున్నరా? గిదేనా మీ మీటింగు?"

ఎవరం పలకలేదు. ఆమె దగ్గరికొచ్చి కుంపటి నేల మీద పెట్టింది. మా అందరి మధ్య. భగభగమంటున్న నిప్పులు ఆమె కళ్ళ ముందే నల్లబడ్డాయి. ఆమె వంగి ఊదింది. మళ్ళీ ఊదింది. వంగిన మనిషి తూలి, సుగుణక్క భుజం పట్టుకుని ఆగింది. అప్పుడు ఆ కుంపటిని చూసింది. సుగుణక్క నీలిగా మారిన పెదాలు చూసింది. పక్కగోడ వైపు చూసింది, అవతల గూట్లో టోపీ పెట్టుకుని ఉన్న తన ముక్కు వైపు.

"వామ్మో," అంది. చాలా చిన్నగా.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పోచవ్వ సుగుణక్క కొప్పు పట్టుకుని లేపింది. నా చెంప మీద ఒకటి పడింది, దాంతో నాకు కాళ్ళున్నాయని తెలిసింది. నిలబడగానే గాలి, అసలైన గాలి, గొంతులోకి కత్తిలాగా దిగింది. సారును చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చాం. గుమ్మం బయట సుగుణక్క గోడ పట్టుకుని కక్కుకుంది. మూతి కొంగుతో తుడుచుకుని మొదట అడిగిన మాట:

"పిల్లలేరి?"

"పైన. పాట నేర్చుకుంటున్నరు."

"అందరా?"

"అందరు."

ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర నీళ్ళు వచ్చాయి. "నేను... మా చెల్లె పిల్లలు గూడ గిక్కడనే పండుకుంటరురా," అంది. గోడ వదిలి నిటారుగా నిలబడింది.

"డప్పు కొట్టియ్యి. తొమ్మిది, ఎనిమిది మెట్లు ఖాళీ. ముసలోళ్ళు ముందు, మంచాల మీద ఉన్నోళ్ళు ముందు. ఎవ్వరు వంగద్దు, ఎవ్వరు కూసోవద్దు, పిల్లల్ని నెత్తిన ఎత్తుకొమ్మను."

"తుమ్ము లేకుండ అధికారం లేదు గదా అధ్యక్షా," అన్నారు సారు నేల మీద నుంచే. అప్పుడే కళ్ళు తెరిచారు.

"సారు," అంది సుగుణక్క, "కావాల్నంటే నేనే తుమ్ముత. లెవ్వు."

నమోదు 7, సోమవారం

నిన్న అధికారులొచ్చారు. పై మెట్లన్నీ మంచాలతో, గిన్నెలతో, మేకలతో, తిట్లతో నిండి ఉన్నాయి. సుగుణక్క వాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పింది, ముక్కులకు వైద్యం చేయాలన్న సంఘం తీర్మానంతో సహా. వాళ్ళు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. బహుమతి లేదు. కొత్త గుడ్డ లేదు. ఏడో మెట్టు చిరుగు కింద ఆమె అత్త మంచం ఇవాళ కూడా ఎండ వెంట తిరుగుతోంది.

గాలిమర తిప్పాం. వడియాలు ముందుగా మేమే తిన్నాం. పంకా మూలుగుతూ, ఆగుతూ తిరుగుతోంది. ఏడాది పడుకుంది కదా. కుంపటిని తాడుతో దించి చూస్తున్నాం. తొమ్మిదో మెట్టు మీద ఇంకా నడుమెత్తున ఆరిపోతోంది. పొద్దున ఎనిమిదో మెట్టు మీద కూడా ఒక మూల నిప్పు మసకబారింది. పంకా గెలుస్తుందో నల్లగాలి గెలుస్తుందో ఎవరికీ తెలియదు. ముక్కుల వైద్యం ఆపేశాం. వాటికి వాసన మళ్ళీ వస్తుందో రాదో కూడా తెలియదు. పోచవ్వ తన ముక్కును చంకనేసుకుని పైకి తెచ్చుకుంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. దాని పసుపు మాత్రం కడిగేసింది.

నన్ను చూస్తే జనం రెండు రకాలుగా ఉన్నారు. చల్లటి ఇల్లు పోగొట్టావని తిట్టేవాళ్ళు కొందరు. ఏమీ అనకుండా మజ్జిగ ఇచ్చేవాళ్ళు కొందరు. మజ్జిగ ఇచ్చేవాళ్ళ దగ్గర నిలబడలేకపోతున్నాను, తిట్టేవాళ్ళ దగ్గరే నయం.

ఇప్పుడు మధ్యాహ్నం. నాలుగో మెట్టు మీద, దవాఖాన అరుగు నీడలో, సంఘమంతా వరసగా ఒరిగాం. పిల్లలు పడుకోవడం లేదు. వేడికి కాదు. పడుకోమంటే వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఎవరు చెప్పారో, వాళ్ళలో వాళ్ళే ఏం చెప్పుకున్నారో, నిద్రకూ తొమ్మిదో మెట్టుకూ ముడి వేసేశారు.

నేను కళ్ళు మూశాను. మూసిన కాసేపటికి ఒక చిన్న వేలు నా కనురెప్పను పట్టుకుని పైకి లాగింది. జాజి మొహం, చాలా దగ్గరగా.

"మామా, పండుకున్నవా, సచ్చిపోయినవా?"

"పండుకున్ననే."

"నిజంగనా?"

"నిజంగ."

దానికి నమ్మకం కుదరలేదు. నా ముక్కు కింద అరచెయ్యి పెట్టి ఊపిరి తగిలేదాకా ఆగింది. తగిలాక తలూపి, పక్కకు జరిగి సుగుణక్క రెప్ప లాగింది. సుగుణక్క దాని చెయ్యి తీసి తన ముక్కు కింద తనే పెట్టుకుంది, చూసుకోమన్నట్టు. జాజి తృప్తిపడి ఆ పక్క మంచం మీదికి వంగింది.

లక్ష్మీరాజం సారు అది దగ్గరికి రాకముందే, కళ్ళు మూసుకునే, చెయ్యెత్తి, "ఉన్న, ఉన్న," అన్నారు.